చుట్టుపక్కల వాళ్లకు సాయం: మొదలుపెట్టడం ఎలా, ఆగిపోకుండా నడపడం ఎలా

ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 1985లో డిసెంబరు 5ను అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల దినంగా ప్రకటించింది. ఆ రోజున సేవకు వచ్చేవాళ్లకు ఎక్కడా కొదవ ఉండదు. చిక్కంతా డిసెంబరు 6న వస్తుంది. ఒంటరిగా ఉంటున్న ముసలాయన మందులు క్యాలెండరు చూసుకుని అయిపోవు కదా. వస్తానన్న రోజున వచ్చే మనిషి చేసే చిన్న పనికే ఇక్కడ విలువ. కింద చెప్పేవన్నీ ఆ మనిషిగా నిలబడటానికి పనికొచ్చేవే.

ముందు మీ ఖాళీ ఎంతో తేల్చుకోండి

ఒక కాగితం తీసుకుని గత రెండు వారాల్లో నిజంగా ఏ రోజు ఏ గంట ఖాళీగా దొరికిందో రాయండి. ఉండాల్సిన ఖాళీ వద్దు, ఉన్న ఖాళీ రాయండి. వచ్చిన లెక్కలో సగానికే మాట ఇవ్వండి. వారానికి నాలుగు గంటలు దొరుకుతాయనిపిస్తే రెండింటికి ఒప్పుకోండి. మిగతా రెండు గంటలూ రానూపోనూ దారిలో, ఫోన్లలో, పుస్తకంలో రాసుకోవడంలో కరిగిపోతాయి.

మొదటిసారి మూడు నెలలకు మించి మాట ఇవ్వకండి. గడువు ఉన్న పనిని మనిషి పూర్తి చేస్తాడు, గడువు లేనిదాన్ని నెమ్మదిగా వదిలేస్తాడు. మీ ఒంటి సంగతి కూడా చూసుకోండి. నడుము నొప్పి ఉంటే బరువులు మోసే పని వద్దు. ఇంట్లో ఎవరినైనా ఈమధ్యే పోగొట్టుకుని ఉంటే, చివరి దశలో ఉన్న రోగుల దగ్గర కూర్చునే పని ఇప్పుడే తలకెత్తుకోకండి. ఫారాలు నింపడం, సామాన్లు సర్దడం లాంటివి చూసుకోండి.

ఏం కావాలో అడగండి, ఊహించకండి

ఎవరికి ఏం కావాలో మనకు తెలుసనుకోవడంతోనే సగం సేవ దారి తప్పుతుంది. దుప్పట్లు పంచిన చోటే మళ్లీ దుప్పట్లు పంచుతారు. కళ్లజోడు విరిగి నెల రోజులుగా చీటీ కూడా చదవలేకపోతున్న మనిషి సంగతి ఎవరికీ పట్టదు.

ముందు, ఇళ్ల లోపలి సంగతులు వృత్తిరీత్యా తెలిసినవాళ్లను అడగండి. దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో నర్సు, మందుల షాపు అతను, బడి టీచరు, ఉత్తరాలు పంచే మనిషి, గ్రంథాలయ ఉద్యోగి. ఇలా ఓ ఐదుగురిని ఒకే ప్రశ్న అడగండి: "ఈ చుట్టుపక్కల ఎలాంటి పనులు చేసిపెట్టేవాళ్లు లేక ఆగిపోతున్నాయి?" పేర్లు అడగొద్దు, పనులే అడగండి. పేర్లు చెప్పడానికి వాళ్లకు హక్కు ఉండకపోవచ్చు. ఫలానావాళ్లకు మీ ఫోన్ నంబరు అందజేయమని మాత్రం కోరవచ్చు. ఇద్దరు ముగ్గురి నోట ఒకే పని వినిపించిందంటే మీ పని దొరికినట్టే.

ఆ పని ఇప్పటికే ఎవరైనా చేస్తుంటే వాళ్లతో కలవండి. కొత్త పేరు, కొత్త బ్యానరు అక్కర్లేదు. ఒకే చోట ఆదివారం మూడు బృందాలు భోజనం పెట్టి, మంగళవారం ఒక్కరూ లేకపోవడం చాలా చోట్ల జరిగేదే. అప్పుడు మీరు అడగాల్సింది "మీకు ఏ రోజు మనుషులు చాలట్లేదు?" అని.

ఇక మనిషిని నేరుగా అడిగే తీరు. "మీకేమైనా సాయం కావాలా?" అంటే "ఏం వద్దమ్మా, బాగానే ఉన్నా" అన్న జవాబే వస్తుంది. అభిమానం అడ్డొస్తుంది, పైగా ఏం అడగొచ్చో కూడా తెలియదు. అదే "గురువారం పొద్దున మందుల షాపుకు వెళ్తున్నాను, మీకేమైనా తీసుకురానా?" అంటే అడగడం తేలిక, వద్దనడమూ తేలిక. రోజు, పని రెండూ మీ మాటలోనే ఉండాలి. వద్దంటే సరేనని, వచ్చే గురువారం మరొక్కసారి అడిగి వదిలేయండి.

ఒక్క పనితో మొదలుపెట్టి, వంతులు వేసుకోండి

మొదటి మూడు నెలలు ఒకే పని. తోడుగా ఆసుపత్రికి వెళ్లడమో, వారం సరుకులు తెచ్చిపెట్టడమో, పిల్లలకు చదువులో సాయమో, ఏదో ఒకటి. నాలుగు పనులు కలిపి మొదలుపెట్టే బృందాల్లో నాలుగూ సగం సగమే జరుగుతాయి.

ఎంతమంది కావాలో ఇలా లెక్కేసుకోండి. వారానికోసారి చూసి రావాల్సిన ఇళ్లు ఆరు ఉన్నాయనుకుందాం. ఒక్కో ఇంటికి అరగంట, మధ్యలో నడకకు పది నిమిషాలు. అంటే ఒక జంట ఒక పూటలో, అంటే రెండు గంటల్లో, మూడు ఇళ్లు చూడగలదు. వారానికి రెండు పూటలు, పూటకు ఇద్దరు, మొత్తం నలుగురు. ప్రతి ఒక్కరూ వారం మార్చి వారం వచ్చేలా పెట్టుకుంటే ఎనిమిది మంది, అత్యవసరానికి మరో ఇద్దరు. పది మంది లేకుండా ఆరు ఇళ్లకు మాట ఇచ్చారంటే రెండో నెలలో ఎవరో ఒకరి ఇంటికి వెళ్లడం తప్పిపోతుంది. మనుషులు తక్కువైతే ఇళ్లు తగ్గించుకోండి, ఇద్దరి వంతును ఒక్కరికి అప్పగించకండి.

వంతుల పట్టిక నెల ముందే వేయండి. ముందురోజు సాయంత్రం వంతున్నవాళ్లకు ఒక మెసేజ్ వెళ్లాలి, దానికి జవాబు రావాలి. చూసినట్టు గుర్తు పడితే చాలదు. రాలేనివాళ్లు తమ బదులు మనిషిని తామే చూసుకోవాలి. ఈ బాధ్యత పట్టిక వేసే మనిషి నెత్తిన పడితే ఆ మనిషే ముందు విసిగి మానేస్తారు.

ఇళ్లకు వెళ్లేటప్పుడు

ఎప్పుడూ ఇద్దరే వెళ్లాలి. ఇది ఇరువైపులా రక్షణ. వెళ్లేముందు బృందంలో ఒకరికి "వెళ్తున్నాం", బయటికొచ్చాక "వచ్చేశాం" అని మెసేజ్ పెట్టండి. చెప్పిన టైముకు వెళ్లండి. పదింటికి వస్తామన్నామంటే తొమ్మిదిన్నర నుంచే తలుపు వైపు చూస్తూ కూర్చునేవాళ్లు ఉంటారు. పది నిమిషాలు ఆలస్యమైనా ఫోన్ చేసి చెప్పండి.

ఇంటి తాళం చెవులు తీసుకోకండి. ఏటీఎం కార్డు, పిన్, ఓటీపీ వాళ్లు ఇస్తామన్నా ముట్టుకోకండి. ఎవరి కాగితాల మీదా సాక్షి సంతకం పెట్టకండి. ఫారం నింపేటప్పుడు అసలు పత్రాలు వాళ్ల చేతిలోనే ఉండాలి. మీరు చూసి రాసి, రాసింది పైకి చదివి వినిపించి, సంతకం వాళ్లచేత పెట్టించండి. ఇంటికి తీసుకెళ్లి నింపుకొస్తామనడమే తప్పు. పోయిన ఒక్క పత్రం తిరిగి పుట్టించడానికి ఆ మనిషి ఎన్ని ఆఫీసులు తిరగాలో తెలిసిందే.

సరుకులు తెచ్చిపెట్టడం తేలిక పనిలా కనిపిస్తుంది గానీ, మనస్పర్థలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. ఒక చిన్న నోటుపుస్తకం వాళ్ల ఇంట్లోనే ఉంచండి, మీ దగ్గర కాదు. జాబితా వాళ్లు చెబుతుంటే రాసి, తిరిగి చదివి వినిపించండి. ప్రతి వస్తువు దగ్గరా సైజు ఎంతో, అది దొరక్కపోతే ఏం తేవాలో, లేక అసలు తేవొద్దో అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడక్కపోతే సగం సామాను వాళ్లు వాడనిదే వస్తుంది. ఇచ్చిన డబ్బు వాళ్ల ఎదుటే లెక్కపెట్టి తేదీ వేసి రాయండి. తిరిగొచ్చాక బిల్లు ఆ పేజీకే అంటించి, చిల్లర వాళ్ల చేతిలో లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేయండి. చూపు ఆననివాళ్లయితే ఒక్కో నోటూ విలువ చెబుతూ చేతిలో పెట్టండి. సామాను వాళ్లు చెప్పిన అరలోనే పెట్టండి. మీకు నచ్చినట్టు సర్దితే అది మీరు వెళ్లాక చిందరవందరతో సమానం. డబ్బు తక్కువైతే మీ జేబులోంచి వేయకండి, ఒక వస్తువు మానేసి రండి. మొదటిసారి వేసిన ఆ కాస్త డబ్బే మూడోసారికి చెప్పుకోలేని అప్పు అవుతుంది, అప్పుపడ్డ మనిషి తలుపు తీయడానికి మొహమాటపడతారు.

మందుల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. చీటీతోపాటు పాత మందుల స్ట్రిప్ ఒకటి తీసుకెళ్లండి. కొన్నాక మూడు చూడండి: మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, గడువు తేదీ. పేరు అదే ఉండి 5 బదులు 50 మిల్లీగ్రాములు వచ్చే ప్రమాదం ఉంది, పైన చూస్తే ఒకేలా కనిపిస్తాయి. షాపులో వేరే కంపెనీ మందు ఇస్తే "రెండూ ఒకటేలెండి" అని మీరు చెప్పకండి. అక్కడి ఫార్మసిస్టు చేత ఫోన్లో వాళ్లకే చెప్పించండి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలన్న సలహా మీ నోట రాకూడదు. పక్కింటివాళ్లకు పనిచేసిన మందు సంగతి అసలే ఎత్తొద్దు.

పిల్లలతో పనిచేస్తుంటే నియమం మరింత గట్టిది. తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, చదువు చెప్పే గది తలుపు తెరిచి ఉండాలి, ఒక పెద్దవాళ్లు ఒక పిల్లవాడితో ఒంటరిగా ఉండే సందర్భమే రాకూడదు. పిల్లలకు నేరుగా ఫోన్ మెసేజ్‌లు పంపకండి. బృందంలో ఎవరికైనా ఈ నియమం అవమానంగా తోస్తే, ఆ మనిషికి వేరే పని ఇవ్వండి.

నడవలేనివాళ్లకు తోడుగా వెళ్లేటప్పుడు

చక్రాల కుర్చీని అందులో ఉన్న మనిషిని అడగకుండా ముట్టుకోకండి. కదిలించేముందు "వెళ్దామా?" అని, మలుపు తిరిగేముందు ఎటో చెప్పండి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండు బ్రేకులూ వేసి, పాదాలు పెట్టుకునే పలకలు పైకి మడవాలి. ఆ పలక మీద కాలు మోపి లేస్తే కుర్చీ ముందుకు బోల్తా కొడుతుంది. బరువైన సంచి వెనక పిడులకు తగిలించకండి. మనిషి లేవగానే ఆ బరువుకు కుర్చీ వెనక్కి పడిపోతుంది. గట్టు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి పెద్ద చక్రాలు ముందు దించండి. నిటారుగా ఉన్న వాలు దిగేటప్పుడూ అంతే, మీరు వాలు కింది వైపు ఉండి, వెనక్కి నడుస్తూ, కుర్చీని మీ వైపు ఆపుకుంటూ దిగాలి.

చూపులేనివాళ్ల చేయి పట్టుకుని లాగకండి. మీ మోచేయి అందిస్తే వాళ్లే పట్టుకుంటారు. అరడుగు ముందు నడవండి. మెట్ల దగ్గర ఒక్క క్షణం ఆగి ఎక్కాలో దిగాలో చెప్పండి. పక్కకు వెళ్లాల్సి వస్తే చెప్పి వెళ్లండి, లేకపోతే వాళ్లు ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉండిపోతారు.

వెళ్లేసరికి ఎవరైనా కింద పడి కనిపిస్తే మొదట వచ్చే ఆలోచన రెండు రెక్కలూ పట్టుకుని లేపడం. అదే చేయకూడదు. భుజం కీలు జారొచ్చు, విరిగిన తుంటి ఎముక ఇంకా కదిలిపోవచ్చు, మీ నడుమూ పట్టేయొచ్చు. పక్కన కూర్చుని ఇలా చేయండి.

1. తలకు దెబ్బ తగిలిందా, రక్తం పలుచబడే మందులు వాడుతున్నారా, తుంటి దగ్గరో మెడలోనో నొప్పి ఉందా అని అడగండి. ఒక కాలు పొట్టిగానో, బయటికి తిరిగినట్టో ఉందేమో చూడండి.

2. వీటిలో ఏది ఉన్నా కదిలించకండి. అంబులెన్సుకు ఫోన్ చేసి, దుప్పటి కప్పి, పక్కనే ఉండండి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు.

3. ఏమీ లేదంటే తొందరపెట్టకుండా పక్కకు ఒత్తిగిలమని, ఆపై మోకాళ్లు, చేతుల మీదికి రమ్మని చెప్పండి. ఎదురుగా కదలని కుర్చీ పెట్టండి. రెండు చేతులూ దాని మీద ఆనించి, బలంగా ఉన్న కాలి పాదం నేల మీద మోపి, వాళ్ల బలంతోనే పైకి లేవాలి. వెనక రెండో కుర్చీ జరపడమే మీ పని.

4. లేచాక బాగానే ఉన్నా, పడిన సంగతి కుటుంబానికో, చూసే డాక్టరుకో తెలియజేయమని చెప్పండి. ఒకసారి పడినవాళ్లు మళ్లీ పడే అవకాశం ఎక్కువ.

మూతి ఒక పక్కకు వంకరపోవడం, ఒక చేయి పైకి లేవకపోవడం, మాట ముద్దగా రావడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా అది పక్షవాతం కావచ్చు. ఎన్ని గంటలకు మొదలైందో టైము రాసుకుని వెంటనే అంబులెన్సు పిలవండి. ఆసుపత్రిలో చేసే వైద్యం ఆ టైము మీదే ఆధారపడి ఉంటుంది.

భోజనం పెట్టేటప్పుడు

నలుగురికి తెలిసిన సేవ ఇదే, నలుగురూ తేలిగ్గా తీసుకునేదీ ఇదే. ఇంట్లో పదిమందికి వండటం వేరు, వందమందికి వండి రెండు గంటల తర్వాత పంచడం వేరు.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు రెండు: 5, 60. ఈ రెండు డిగ్రీల సెల్సియస్ మధ్యనే బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. వేడిగా పెట్టేది 60 పైన, చల్లగా దాచేది 5 కింద ఉండాలి. ఈ రెంటి మధ్య వండిన పదార్థం రెండు గంటలకు మించి ఉండకూడదు. బయటి ఎండ 32 డిగ్రీలు దాటితే గంటకు మించి వద్దు. చేతికి వేడిగా తగిలింది కదా అనుకోకండి, 45 డిగ్రీలు కూడా చేతికి వేడిగానే తగులుతుంది. పొడుచుకుని చూసే వంటింటి థర్మామీటరు ఒకటి కొనుక్కోండి, బృందం కొనాల్సిన మొదటి వస్తువు అదే.

పెద్ద గిన్నెలో ఉన్నదాన్ని అలాగే ఫ్రిజ్‌లో పెడితే నడిమధ్య భాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. వెడల్పాటి పళ్లేల్లో 5 సెంటీమీటర్ల మందానికి మించకుండా పరిచి చల్లార్చాలి. తిరిగి వేడి చేస్తే నడిమధ్యన 74 డిగ్రీలు రావాలి, అదీ ఒక్కసారే. అన్నం సంగతి ఇంకా మోసం. బాసిల్లస్ సిరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం బయట ఉండిపోతే అవి మొలకెత్తి ఒక విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. "బాగా మరిగించాం కదా" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. టైము దాటిన అన్నం పారేయాల్సిందే.

వాంతులు, విరేచనాలు అయిన వాలంటీరు అవి పూర్తిగా తగ్గాక మరో 48 గంటలు వంట దరిదాపులకు రాకూడదు. వాళ్లు మొహమాటానికి వచ్చేస్తారు, మీరే వెనక్కి పంపాలి. చేతులు సబ్బుతో 20 సెకన్లు కడగాలి. గ్లవ్స్ వేసుకున్నాం కదా అని ఆ చేత్తోనే ఫోన్ పట్టుకుంటే గ్లవ్స్ లేనట్టే లెక్క. ప్రతి వంటకంలో ఏమేం వేశారో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. పాలు, వేరుశనగ, జీడిపప్పు, గుడ్డు, గోధుమ, చేప పడనివాళ్లుంటారు, వాళ్లకు అడిగే పరిస్థితి రాకూడదు.

ఎన్ని పొట్లాలు కావాలన్నదానికి గత మూడుసార్లు ఎన్ని ఖర్చయ్యాయో సగటు చూడండి. వరుస మీ పొట్లాల కంటే పొడవుగా ఉంటే, చివర నిలబడ్డవాళ్లకు మొదట్లోనే చెప్పేయండి. అరగంట నిలబెట్టి లేదనడం కంటే అది నయం. రెండు రకాలుంటే ఏది కావాలో అడిగి ఇవ్వండి. ఆ ఒక్క ప్రశ్నతో దానం తీసుకుంటున్నామన్న చిన్నతనం చాలావరకు తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. రోజుల తరబడి తిండి లేక చిక్కి శల్యమైన మనిషి కనిపిస్తే కడుపునిండా పెట్టాలనిపిస్తుంది. అలా ఒక్కసారిగా పెడితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం లాంటి లవణాలు పడిపోయి గుండె లయ దెబ్బతినొచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. కొద్దిగా ఇచ్చి, వెంటనే వైద్యుల దగ్గరికి చేర్చండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

బట్టలు, సామాన్లు

ఇక్కడ పెద్దగా చెప్పడానికేం లేదు. ఉతికినవి, చిరగనివి, బొత్తాలున్నవి మాత్రమే తీసుకోండి. లోదుస్తులు కొత్తవే ఇవ్వాలి. చెప్పులు జతగా కట్టి ఉండాలి. సైజుల వారీగా వేరుచేసి పెట్టెల మీద రాయండి. "ఏవైనా ఇవ్వండి" అని పిలుపునిస్తే ఇళ్లలో పారేయలేక ఉంచుకున్నదంతా మీ గదికి చేరుతుంది, దాన్ని ఏరడానికే నెల పడుతుంది. ఏం కావాలో, ఏ సైజు, ఎన్ని, ఏ తేదీలోపు అన్నది రాసి అడగండి.

తుపాను, వరద, భూకంపం వచ్చినప్పుడు ఇది పదింతలవుతుంది. అడగని సామాను లారీల కొద్దీ వచ్చి దారులు, గోదాములు నింపేస్తుంది. ఆ చోట పనిచేస్తున్నవాళ్లు పిలవకుండా వెళ్లకండి. మీ తిండి, నీళ్లు, పడక మీరే చూసుకోలేకపోతే మీరూ అక్కడివాళ్లకు ఇంకో భారమే. సహాయ శిబిరాలకు అంతర్జాతీయంగా పాటించే స్ఫియర్ ప్రమాణాల్లో తాగడానికి, వంటకు, శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లు ఉండాలంటారు. వందమంది శిబిరానికి రోజుకు 1,500 లీటర్లన్నమాట. అక్కడికి నీళ్ల సీసాల అట్టపెట్టెలు మోసుకెళ్లడం కంటే, ట్యాంకరు ఏర్పాటుకు డబ్బు పంపడం ఎందుకు మేలో ఈ లెక్కే చెబుతుంది.

వినడం కూడా పనే

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శకంలో మూడు మాటలున్నాయి: చూడండి, వినండి, కలపండి. ముందు చుట్టూ ప్రమాదమేమైనా ఉందా, ఈ మనిషికి వెంటనే కావలసిందేమిటో చూడాలి. తర్వాత చెప్పింది వినాలి, చెప్పనిది తవ్వకూడదు. ఆ తర్వాత అయినవాళ్లతోనో, వైద్యంతోనో, ప్రభుత్వ సాయంతోనో కలపాలి. "అంతా మంచికే", "మీ కంటే కష్టాల్లో ఉన్నవాళ్లున్నారు" అన్న మాటలు వద్దు. కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నా నష్టం లేదు. చేయలేనిదానికి "చూద్దాంలెండి" అనకండి, ఆ మాటను పట్టుకుని వారమంతా ఎదురుచూస్తారు.

చచ్చిపోవాలనిపిస్తోందన్నట్టు మాట వస్తే సూటిగా అడగండి: "ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, విషం, మందులు, పదునైనవి అందుబాటులో లేకుండా చూడండి, కుటుంబానికీ వైద్యులకూ తెలపండి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. వేరే విషయాలైతే విన్నది అక్కడే మరిచిపోవాలి. బృందంలో కబుర్ల కింద చెప్పుకున్నారంటే వారంలోపు అది తిరిగి ఆ ఇంటికే చేరుతుంది.

డబ్బు, ఫొటోలు

వసూలు చేసిన డబ్బు ఒక్క రోజైనా సొంత డబ్బులో కలపకండి. ఇద్దరు లెక్కపెట్టాలి, ఒకరు రాయాలి, ఇచ్చిన ప్రతి ఒక్కరికీ రసీదు వెళ్లాలి. నెలాఖరున వచ్చింది, ఖర్చయింది, మిగిలింది ఒక్క పేజీలో అందరికీ పంపండి. అడిగాక చూపించిన లెక్క మీద అనుమానం ఉండనే ఉంటుంది, అడక్కముందే చూపించాలి. సేవ పొందినవాళ్లు కృతజ్ఞతగా నగలో, డబ్బో ఇవ్వబోతే తీసుకోకండి. ఓ గ్లాసుడు నీళ్లు, ఒక పండు మాత్రం వద్దనకండి, అది వాళ్ల మర్యాద.

తీసుకునే మనిషి ముఖం కనిపించేలా ఫొటో తీయకండి. "తీసుకోవచ్చా?" అని అడిగినా, చేతిలో పొట్లం పెట్టబోతూ అడిగితే ఎవరు కాదనగలరు? దాతలకు చూపించాలంటే సర్దిన పెట్టెలు, బిల్లులు, వండిన గిన్నెలు తీసి పంపండి. ఇళ్ల చిరునామాలు, జబ్బుల వివరాలు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఆ వారం వంతున్న ఇద్దరికీ విడిగా పంపితే చాలు.

మీరు తప్పుకోవాల్సి వచ్చినప్పుడు

నిద్ర తగ్గడం, వంతు రోజు వస్తోందంటే చిరాకు, సాయం అడిగినవాళ్ల మీదే విసుగు, ఇవి కనిపిస్తే రెండు వంతులు వదులుకోండి. ఫోన్‌కు వేళలు పెట్టండి. రాత్రి తొమ్మిది తర్వాత అత్యవసరమైతే ఎవరికి చేయాలో సాయం పొందేవాళ్ల ఇంటి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. ఆ నంబరు అంబులెన్సుది గానీ, దగ్గరి బంధువుది గానీ అయి ఉండాలి, మీది కాదు.

పూర్తిగా మానేస్తుంటే చెప్పాపెట్టకుండా మాయమవకండి. కనీసం మూడు వారాల ముందు చెప్పి, మీ స్థానంలో వచ్చేవాళ్లను వెంటబెట్టుకుని మూడుసార్లు వెళ్లండి. మొదటిసారి మీరు చేస్తుంటే కొత్తవాళ్లు చూస్తారు. రెండోసారి వాళ్లు చేస్తుంటే మీరు పక్కన ఉంటారు. మూడోసారి మీరు పలకరించి వచ్చేస్తారు. వాళ్ల ఫోన్లో ఉన్న మీ నంబరు కొట్టేయించి కొత్త నంబరు ఎక్కించండి. మీ దగ్గర మిగిలిన రసీదులు, పాత చీటీల కాపీలు బృందానికి అప్పగించండి, ఫోన్లో ఉన్న వాళ్ల పత్రాల ఫొటోలు చెరిపేయండి. సరుకుల నోటుపుస్తకం ఎలాగూ వాళ్ల ఇంట్లోనే ఉంది కాబట్టి, కొత్తగా వచ్చినవాళ్లు ఆ తర్వాతి పేజీ నుంచి రాసుకుంటూ పోవచ్చు.